స్టూడెంట్స్ గ్రూపా, డిపార్ట్‌మెంట్ సెమినారా: మీ రీసెర్చ్ ముందుగా ఎక్కడ చెప్పాలి?

కొత్త బ్యాచ్ చేరిన ప్రతిసారీ ఎం.టెక్., పీహెచ్‌డీ వాళ్లు నన్ను అడిగే మాట ఒకటే. "అక్కా, డిపార్ట్‌మెంట్ సెమినార్ ఎలాగూ ఉంది. గైడ్‌తో వారం వారం మీటింగ్ ఉంది. మళ్లీ శుక్రవారం ఈ స్టూడెంట్స్ గ్రూప్ ఎందుకు?" విద్యార్థులే కూర్చుని ఒకరి పని ఒకరికి చెప్పుకునే గ్రూప్ ఇది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. నాలుగేళ్లుగా ఈ మూడు చోట్లా మాట్లాడుతున్నాను, మాట్లాడేవాళ్లను వింటున్నాను. మూడూ కావాల్సినవే. పని ఇంకా సగంలో ఉన్నప్పుడు ముందుగా ఎక్కడ చెప్పాలంటే మాత్రం, స్టూడెంట్స్ గ్రూప్‌లోనే అంటాను.

డిపార్ట్‌మెంట్ సెమినార్‌కి ఉన్న విలువ తక్కువేం కాదు. వేరే వేరే స్పెషలైజేషన్ల ప్రొఫెసర్లు ఒకే గదిలో కూర్చుని మీ పని వినడం అక్కడే జరుగుతుంది. ఎం.టెక్.లో దానికి మార్కులుంటాయి. పీహెచ్‌డీలో అయితే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ఎంతవరకు వచ్చామో ప్రెజెంట్ చేసి, రిపోర్ట్ ఇవ్వాలి. వీటిని తప్పించుకోలేం, తప్పించుకోవాల్సిన పనీ లేదు. ఇబ్బందల్లా ఒక్కటే. మార్కులు ఉన్నచోట మనం మన బలమే చూపిస్తాం. బాగా వచ్చిన గ్రాఫ్ పెడతాం, అనుమానం ఉన్న గ్రాఫ్ తీసేస్తాం. వింటున్న జూనియర్లు కూడా హెచ్‌ఓడీ ముందు వరుసలో ఉండగా చెయ్యెత్తి "నాకిది అర్థం కాలేదు" అనరు.

గైడ్‌తో మీటింగ్ లోతు వేరు. మీ సబ్జెక్ట్‌లో ఇప్పటికే ఎవరు ఏం చేశారో, ఏ దారిలో వెళ్తే ఏడాది వృథా అవుతుందో చెప్పగలిగేది ఆయనే, లేదా ఆవిడే. దాన్ని ఏ గ్రూపూ భర్తీ చేయలేదు. అయితే రెండేళ్లు ఒకే సమస్యను ఇద్దరూ కలిసి చూస్తూ ఉంటే, ఇద్దరూ కొన్ని విషయాలను అడగడం మానేస్తారు. అవి తెలిసినవే అనుకుంటారు.

నాకు జరిగింది చెప్తాను. నేను పని చేసేది మోటార్ బేరింగ్‌లలో (షాఫ్ట్ సాఫీగా తిరిగేలా పట్టుకునే భాగాలు) లోపాన్ని వైబ్రేషన్ సిగ్నల్ చూసి మెషిన్ లెర్నింగ్‌తో పట్టుకోవడం మీద. ఈ రంగంలో చాలామంది వాడే డేటా అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీది. 2 హార్స్‌పవర్ మోటార్, కావాలని చిన్న గుంట పెట్టిన బేరింగ్‌లు, సెకనుకు 12,000 శాంపిళ్లు (కొలతలు). ఒక్కో రికార్డింగ్ సుమారు 10 సెకన్లు. దాన్ని 1,024 శాంపిళ్ల ముక్కలుగా కోసి, కలిపేసి, కొన్ని ట్రైనింగ్‌కి (మోడల్‌కి నేర్పడానికి), కొన్ని టెస్టింగ్‌కి (నేర్చుకుందో లేదో చూడటానికి) ఇచ్చాను. ముక్కలు ఎక్కువ రావాలని పక్కపక్క ముక్కలు సగం సగం ఒకదానిమీద ఒకటి వచ్చేలా కోశాను. అక్యురసీ 99 శాతం దాటింది. గైడ్ చూశారు, సంతోషించారు. సెమినార్‌లో పెట్టాను, చప్పట్లు కొట్టారు.

తర్వాతి శుక్రవారం అవే స్లైడ్లు గ్రూప్‌లో వేశాను. మెకానికల్ నుంచి వచ్చే ఎం.టెక్. ఫస్టియర్ అబ్బాయి ఒకడు వెనక బెంచీ మీద నుంచి అడిగాడు. "అక్కా, నాకు మెషిన్ లెర్నింగ్ రాదు. ఒక్క డౌట్. రేపు మోటార్‌కి వేరే బేరింగ్ వేస్తే మీది పట్టుకుంటుందా? ఇప్పుడు టెస్ట్ చేసింది మళ్లీ అదే బేరింగ్ మీద కదా?"

జవాబు చెబుదామని నోరు తెరిచాను, మాట రాలేదు. మార్కర్ తీసుకుని బోర్డు మీద ఒక పొడవాటి గీత గీసి ముక్కలు చేశాను. మూడో ముక్క ట్రైనింగ్‌లో, నాలుగోది టెస్టింగ్‌లో. ఆ రెండింటిలో సగం శాంపిళ్లు ఒకటే. రేపటి పరీక్ష పేపర్లో సగం ఈ రోజే చూపించినట్టు! ఆ రాత్రే ల్యాబ్‌కి వెళ్లి, కొన్ని బేరింగ్‌ల రికార్డింగ్‌లు మొత్తంగా టెస్టింగ్‌కే పక్కన పెట్టి మళ్లీ నడిపితే అక్యురసీ డెబ్బైల్లోకి పడింది. బాధేసింది. కానీ పేపర్ పంపకముందే తెలిసింది. నా థీసిస్‌లో ఇప్పుడున్న అసలు సమస్య, కొత్త బేరింగ్ మీద కూడా పని చేసే పద్ధతి, ఆ డౌట్ నుంచే పుట్టింది.

ఈ మూడింటిలో ఏది మేలో తేల్చేది నా దృష్టిలో ఇదే: వినేవాడు "నాకు రాదు, కానీ..." అని మొదలుపెట్టగలడా? మా గ్రూప్‌లో ఫ్యాకల్టీ ఉండరు, మార్కులుండవు, అటెండెన్స్ సంతకం ఉండదు. అందుకే ఆ అబ్బాయి అడగగలిగాడు. అది కూడా తెలుగులో. ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివి వచ్చిన వాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. ఇంగ్లిష్‌లో అడగాలంటే ముందు వాక్యం కూర్చుకోవాలి, ఆ లోపు స్లైడ్ మారిపోతుంది. డౌట్ తెలుగులో అడిగి, జవాబు సగం తెలుగు సగం ఇంగ్లిష్‌లో విని, నెల తిరిగేసరికి అదే మనిషి ఇంగ్లిష్‌లో ధైర్యంగా మాట్లాడటం నేను కళ్లారా చూశాను.

గ్రూప్‌తో చిక్కులు లేవని కాదు. అందరూ స్నేహితులే కాబట్టి "బాగుంది అన్నా" అని లేచి వెళ్లిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. గదిలో ఎవరికీ తెలియని విషయాన్ని అందరూ కలిసి తప్పుగా ఒప్పేసుకోవచ్చు. అందుకే తేలని ప్రశ్నలను ఒకరు కాగితం మీద రాసి మాట్లాడినవాళ్ల చేతికి ఇస్తారు, అది నేరుగా గైడ్ దగ్గరికి వెళ్తుంది. ఇంకొకటి, పేటెంట్ వేసే ఆలోచన ఉంటే అప్లికేషన్ ఫైల్ అయ్యేదాకా ఆ భాగం గ్రూప్‌లో చెప్పొద్దు. నలుగురిలో బయటపెట్టాక అది కొత్తది కాదనే చిక్కు వస్తుంది. కంపెనీ స్పాన్సర్ చేసిన ప్రాజెక్ట్ అయితే ముందు గైడ్‌ని అడగండి.

అన్నిటికంటే పెద్ద చిక్కు, నడిపే సీనియర్ డిగ్రీ పూర్తి చేసుకుని వెళ్లగానే గ్రూప్ ఆగిపోవడం. మేము ప్రతి సెమిస్టర్‌కీ ఇద్దరికి బాధ్యత ఇస్తున్నాం, ఒకరు తప్పనిసరిగా ఫస్టియర్. టైం కూడా ఊరిని బట్టి పెట్టుకోవాలి. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లా అందరూ క్యాంపస్‌లోనే ఉండే చోట రాత్రి తొమ్మిదికి పెట్టినా కుదురుతుంది. కూకట్‌పల్లికో తార్నాకకో రోజూ మెట్రోలో, బస్సులో వచ్చిపోయేవాళ్లకు సాయంత్రం ఐదు దాటితే కష్టం. మేము నాలుగుకి మొదలుపెట్టి ఐదుకి ముగిస్తాం. ఆగిపోతున్న గ్రూప్‌ని రెండుసార్లు నిలబెట్టింది ఈ ఒక్క టైం నియమమే.

మూడు నిమిషాల థీసిస్ పోటీల గురించి కూడా అడుగుతుంటారు. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో మొదలైన పద్ధతి అది, ఒకే స్లైడ్, మూడే నిమిషాలు. క్లుప్తంగా చెప్పడం అలవాటు కావడానికి మంచిదే, తప్పులు బయటపడటానికి పనికిరాదు.

నా లెక్కలో వరుస ఇది. పని సగం అయ్యాక గ్రూప్‌లో, అక్కడ తేలని ప్రశ్నల కాగితంతో గైడ్ దగ్గర, ఆ తర్వాతే సెమినార్‌లో. కమిటీ తేదీకి మూడు వారాల ముందు గ్రూప్‌లో చెప్పుకుంటే సరిదిద్దుకునే టైం దొరుకుతుంది. ముందురోజు చెప్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మీ డిపార్ట్‌మెంట్‌లో గ్రూపే లేదా? ముగ్గురు చాలు, ఒకరు వేరే ల్యాబ్ మనిషి అయితే ఇంకా మంచిది. నాలుగు దాటాక ఖాళీగా ఉన్న క్లాస్‌రూం చూసుకోండి. మొదటి వారం మీరే నిలబడండి, పూర్తయిన పనితో కాదు. ఎక్కడ ఆగిపోయారో ఆ స్లైడే ముందు పెట్టండి.