హోటల్ పూల్ లైట్లు: బల్బు మారిస్తే చాలా, ఫిట్టింగే మార్చాలా?

పాత హోటల్ పూల్స్‌లో గోడ గూట్లో ఎక్కువగా కనిపించేది 12 వోల్టుల, 300 వాట్ల, పార్-56 అనే సైజు హాలోజెన్ బల్బు. దాన్ని ఎల్‌ఈడీకి మార్చడానికి రెండు దారులున్నాయి.

మొదటిది, అదే సైజు ఎల్‌ఈడీ బల్బు వేయడం. నీళ్లు ఖాళీ చేయక్కర్లేదు. కరెంటు ఆపి స్క్రూ విప్పితే, గూట్లో చుట్టి ఉంచిన కేబుల్ సాగి లైటు గట్టు మీదకి వచ్చేస్తుంది. 300 వాట్ల చోట 20-35 వాట్లతో పని జరుగుతుంది, గెస్టుల ముందు పూల్ మూసే టెన్షనూ ఉండదు. కానీ రబ్బరు గాస్కెట్ కొత్తది వేయాల్సిందే. అక్కడ కక్కుర్తి పడితే నీళ్లు దిగి కొత్త బల్బూ పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎలక్ట్రానిక్ రకమైతే, లోడు మరీ తగ్గిపోయి లైటు మిణుకుమిణుకుమనవచ్చు. ముందే చూసుకోండి.

రెండోది, రెసిన్ (పోశాక గట్టిపడే జిగురు లాంటిది) నింపిన పల్చటి ఎల్‌ఈడీ ఫిట్టింగ్. లోపల ఖాళీయే ఉండదు కాబట్టి నీళ్లు దిగే బెడద చాలా తక్కువ. ఖర్చెక్కువ, పైగా పాడైతే రిపేరు ఉండదు, మొత్తం మార్చడమే. కేబుల్ జాయింట్ నీళ్లలో వద్దు, నీటిమట్టానికి పైనున్న జంక్షన్ బాక్సులోనే వేయించండి.

నన్నడిగితే, పాత ఫిట్టింగ్ బాడీ, కేబుల్ బాగుంటే బల్బు చాలు. లైటు చుట్టూ ఉండే రింగు తుప్పు పట్టి, కేబుల్ తొడుగు పగిలి ఉంటే మాత్రం బల్బు మీద పెట్టే డబ్బు దండగే.