ఏప్రిల్ చివర్లో ఐస్‌లాండ్ ప్యాకేజీ కొనేవారికి జాగ్రత్త

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు నుంచి వేసవి సెలవుల్లో ఐస్‌లాండ్ వెళ్లాలనుకుంటున్నవారు దయచేసి అడ్వాన్సు కట్టకముందే ఇది చదవండి. మేము నలుగురం తలకు మూడు లక్షలు పోసి వెళ్లి, చూపిస్తామన్న వాటిలో ముఖ్యమైనవేవీ చూడకుండా తిరిగి వచ్చాం.

పిల్లల బడికి సెలవులిచ్చేది ఏప్రిల్ చివరి వారంలో. "అప్పుడు అక్కడ సీజను కాదు సార్, ధర తక్కువ, జనం తక్కువ" అన్నారు మా ఊరి ట్రావెల్స్ వాళ్లు. ఆ రెండూ నిజమే. కానీ వాళ్లు చేతిలో పెట్టిన రంగుల కాగితంలో రాత్రి ఆకాశంలో మెరిసే ఆకుపచ్చని ధ్రువకాంతి (నార్తర్న్ లైట్స్), నీలి మంచు గుహ, లాండ్‌మన్నలాయ్‌గర్ రంగురాళ్ల కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఆ మూడూ ఒకే వారంలో చూడటం కుదరదు. ఏప్రిల్ చివర్లోనైతే ఒక్కదాన్నీ నమ్ముకోలేం.

ధ్రువకాంతికి చీకటి కావాలి. అక్కడ దాని కాలం సెప్టెంబరు నుంచి ఏప్రిల్ సగం దాకా. మేము వెళ్లిన రోజుల్లో రాజధాని రేక్యవిక్‌లో పొద్దు గుంకేదే రాత్రి తొమ్మిదిన్నరకు. పదకొండు గంటలకు మమ్మల్ని ఊరి బయట ఒక గుట్ట మీద దించారు. ఉత్తర దిక్కున ఆకాశం మన తెల్లవారుజాములా లేత నీలంగా ఉంది. మా అమ్మ శాలువా ముక్కు దాకా కప్పుకొని గంటసేపు అలాగే పైకి చూస్తూ నిలబడింది. "ఇంకా చీకటి పడలేదు కదరా, పడ్డాక కనిపిస్తుందేమో" అంది. నాకు నోట మాట రాలేదు.

వత్నయోకుల్ హిమానీనదంలోని నీలి గుహలకు మామూలుగా నవంబరు నుంచి మార్చి దాకా తీసుకెళ్తారు. ఎండలు మొదలైతే మంచు కూలుతుంది. 2024 ఆగస్టులో అక్కడ మంచు కూలి ఒక పర్యాటకుడు చనిపోయాడు కూడా. ఇక లాండ్‌మన్నలాయ్‌గర్ దారి సాధారణంగా జూన్‌లో గాని తెరవరు.

చలి కోట్లకు విడిగా అద్దె తీసుకున్నారు. అవి దూది కోట్లు. అక్కడ చలి మూడు నాలుగు డిగ్రీలే, కానీ గాలికి వాన అడ్డంగా కొడుతుంది. అరగంటలో చిన్నదాని కోటు పిండితే నీళ్లు కారాయి. గాలి, నీరు చొరబడని కోటు మీరే కొనుక్కోండి. కారు అద్దెకు తీసుకుంటే, గాలికి తలుపు విరిగితే బీమా వర్తిస్తుందో లేదో ముందే అడగండి. చాలా వాటికి వర్తించదు.

స్కోగఫోస్ జలపాతం, నిమిషాల తేడాతో పైకి ఎగజిమ్మే స్ట్రోక్కుర్ వేడినీటి ఊట మాత్రం కళ్లు నింపాయి. వాటి కోసమే వెళ్లేవారికి ఏప్రిల్ మంచిదే.

డబ్బు వెనక్కి అడిగితే "ప్రకృతి పరిస్థితులను బట్టి" అన్న చిన్న అక్షరాల వరుస చూపించారు. వాన పడటం ప్రకృతి పరిస్థితి. ఏప్రిల్ చివర్లో చీకటి చిక్కబడకపోవడం ఏటా ముందే తెలిసిన లెక్క. అందుకే ఏ తేదీన ఏది చూపిస్తారో, అది ఆ నెలలో తెరిచి ఉంటుందో లేదో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

1915 వినియోగదారుల సహాయ నంబరుకు ఫోను చేశాను. రసీదు, వాట్సాప్ సందేశాలు జతచేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాను. మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, రెండేళ్ల గడువుంది. నిన్న ఆ ట్రావెల్స్ ఆఫీసు ముందు నుంచి వెళ్తుంటే వచ్చే ఏప్రిల్ ప్యాకేజీ బోర్డు కనిపించింది. దాని మీదా అవే మూడు బొమ్మలు.