ఇంటికి గోబర్ గ్యాస్ యూనిట్ కొనేవారికి హెచ్చరిక: పేడ లెక్క తేలకుండా డబ్బు కట్టకండి

బెలూన్ రకం గోబర్ గ్యాస్ యూనిట్ కొనాలనుకుంటున్న వారికి మా ఇంట్లో జరిగిన నష్టం జరగకూడదని ఇది రాస్తున్నాను. మాకు రెండు గేదెలు ఉన్నాయి. నిరుడు వేసవిలో ఒక అమ్మకందారు వచ్చి, రోజుకు రెండు ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే యూనిట్ పెట్టుకుంటే రోజుకు ఐదు కిలోల వంటింటి వ్యర్థాలతోనే రెండు పూటలా వంట అవుతుందని, నెలకు దాదాపు రెండు సిలిండర్లు మిగులుతాయని, సబ్సిడీ కూడా తానే ఇప్పిస్తానని నమ్మబలికాడు. మేము సొమ్మంతా ముందే చెల్లించాము.

రెండు సిలిండర్ల మాట అబద్ధం కాదు, కానీ దానికి యూనిట్‌లో ఎంత సరుకు వేయాలో అతడు చెప్పలేదు. ఒక ఘనపు మీటరు గ్యాస్‌కు రోజుకు సుమారు 25 కిలోల పచ్చి పేడ, అంతే నీళ్లు కావాలి. అంటే మా యూనిట్‌కు 50 కిలోలు పడాలి, మా గేదెలు రెండూ కలిసి ఇచ్చేది 30 కిలోలకు మించదు. ఐదు కిలోల వంటింటి వ్యర్థాల నుండి వచ్చేది మహా అయితే అర ఘనపు మీటరు, అది ఒక బర్నరు గంటసేపు వెలగడానికి సరి. మంట చాలడం లేదని ఫోన్ చేస్తే, వ్యర్థాలు ఇంకా ఎక్కువ వేయమన్నాడు. అతని మాట విని మిగిలిన అన్నం, పులిసిన మజ్జిగ, నిమ్మ తొక్కలు వేశాము. దానితో లోపల పులుపు పెరిగి, మండే వాయువైన మీథేన్‌ను తయారుచేసే సూక్ష్మజీవులు దెబ్బతిని, వస్తున్న కొద్దిపాటి గ్యాస్ కూడా అంటుకోవడం మానేసింది.

పొయ్యి కూడా సిలిండర్ గ్యాస్‌కు వాడేదే ఇచ్చాడు. గోబర్ గ్యాస్‌కు పొయ్యిలో గ్యాస్ వచ్చే జెట్ రంధ్రం పెద్దదిగా ఉండాలి. కుళ్లిన గుడ్ల వాసనను ఆపే ఇనుప రజను ఫిల్టరు లేదు, గొట్టంలో చేరే నీటిని తీసే ఏర్పాటూ లేదు. సబ్సిడీ సంగతి అమ్మేవారి నోటి మాటపై వదలక, రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థలైన ఎన్‌ఆర్‌ఈడీక్యాప్‌ను (పూర్వపు నెడ్‌క్యాప్) ఆంధ్రప్రదేశ్‌లో, రెడ్కోను తెలంగాణలో కొనకముందే అడగండి.

ఈ విధానంలో లోపం ఉందని నేను అనను. హైదరాబాదులోని బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల వ్యర్థాలతో కరెంటు తీస్తున్నారు; అక్కడ రోజూ టన్నుల కొద్దీ సరుకు తప్పకుండా దొరుకుతుంది. మీ ఇంట్లో దొరికేది ముందు వారం రోజులు తూకం వేసి చూసుకోండి.

ప్రస్తుతం మేము యూనిట్ లోపలి స్లర్రీని (పేడనీళ్ల ద్రవాన్ని) సగం తోడేసి, పేడ మాత్రమే వేస్తున్నాము. ఉదయం పాలు కాచుకునేంత మంట వస్తున్నది. అమ్మినతను ఫోన్ ఎత్తడం లేదు.