రౌటర్‌లో పోర్టు తెరిచినా ఫ్రెండ్ కనెక్ట్ కాకపోతే: టెయిల్‌స్కేల్ యాప్ రివ్యూ

నేనుండేది హనుమకొండలో, ఇంజినీరింగ్‌లో నా రూమ్మేటు ఉండేది విశాఖలో. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో ఇద్దరం కలిసి ఒక ఊరు కడుతున్నాం, సర్వరు నా పీసీలోనే నడుస్తుంది. వాడు లోపలికి రావాలంటే రౌటర్‌లో 25565 పోర్టు ఫార్వర్డ్ చేయమని, అంటే ఆ నంబరు మీద బయటినుంచి వచ్చే కనెక్షన్‌ను నా పీసీకి మళ్ళించమని, ఏ వీడియో చూసినా చెప్తారు. మా కనెక్షన్‌లో అది పనిచేయదు. మీలో చాలామందికీ పనిచేయదు. కాబట్టి గేమింగ్ రౌటర్ కొనేముందు దయచేసి ఒక్కటి చూసుకోండి.

రౌటర్ అడ్మిన్ పేజీలో వాన్ ఐపీ అని ఉంటుంది, అది రౌటర్‌కి బయటివైపు ఉన్న అడ్రసు. దాన్ని, ఐపీ చూపించే ఏదైనా సైట్‌లో కనిపించే నంబరుతో పోల్చండి. రెండూ ఒకటే అయితే పోర్టు ఫార్వర్డింగ్ సరిపోతుంది. రౌటర్‌లోది 192.168తో మొదలైతే ఫైబర్ వాళ్ళు పెట్టిన బాక్సు వెనక మీ రౌటర్ ఉందన్నమాట; ఆ బాక్సును బ్రిడ్జ్ మోడ్‌లో (అది రౌటర్ పని మానేసి కనెక్షన్‌ను మీ రౌటర్‌కి దాటించేలా) పెట్టించి మళ్ళీ చూడండి. 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మాత్రం అది సీజీనాట్, అంటే మీకు సొంత పబ్లిక్ అడ్రసు లేదు. ఐపీవీ4 అనే పాతరకం ఇంటర్నెట్ అడ్రసులు మొత్తం దాదాపు 430 కోట్లే, మన ఆసియా పసిఫిక్ వాటా 2011 ఏప్రిల్‌కే అడుగంటింది. అందుకని కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రసును ఎన్నో ఇళ్ళకి పంచుతున్నాయి. మీ ఫ్రెండ్ పంపే కనెక్షన్ ఫ్లాట్ నంబరు లేని పార్సిల్‌లా కంపెనీ దగ్గరే ఆగిపోతుంది. ఎంత ఖరీదైన రౌటరైనా దాన్ని మీ ఇంటిదాకా తేలేదు. స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఇచ్చే, మారని పబ్లిక్ అడ్రసు) అడగొచ్చు, కానీ దానికి సాధారణంగా విడిగా డబ్బు కట్టాలి.

అందుకే నేను టెయిల్‌స్కేల్ పెట్టుకున్నాను, దూరంగా ఉన్న పీసీలను ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే యాప్ అది. ఇద్దరి పీసీల్లో ఇన్‌స్టాల్ చేసి, ఎవరి గూగుల్ అకౌంటుతో వాళ్ళు లాగిన్ అయితే చాలు. మా వాడకానికి ఉచిత ప్లాన్ సరిపోయింది. ఒక్కో పీసీకి 100తో మొదలయ్యే సొంత అడ్రసు వస్తుంది. నేను షేర్ ఆప్షన్‌తో సర్వరున్న పీసీ ఒక్కటే వాడికిచ్చాను, నా మిగతా పరికరాలు వాడికి కనిపించవు. నాకు బాగా నచ్చింది ఇదే. పోర్టు ఫార్వర్డ్ చేస్తే ఆ తలుపు లోకమంతటికీ తెరిచినట్టే, రోజంతా ఎవరెవరో తడుతుంటారు. ఇక్కడ నేను పిలిచినవాడే వస్తాడు. లోపల నడిచేది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి, అంటే దారి పొడవునా ఎన్‌క్రిప్షన్ ఉంటుంది.

వేగం మాటకొస్తే, కమాండ్ ప్రాంప్ట్‌లో tailscale ping అని, పక్కన అవతలి పీసీ అడ్రసు కొట్టి చూడండి. మొదట ఒకటి రెండు జవాబులు డెర్ప్ అనే రిలే సర్వరు (మధ్యలో ఉండి అందించే సర్వరు) మీదుగా వస్తాయి, తర్వాత రెండు ఇళ్ళ మధ్య నేరుగా దారి దొరుకుతుంది. దొరికాక మాకు బ్లాకు పగలగొడితే వెంటనే పగులుతోంది, క్రీపర్ నుంచి తప్పించుకోవడానికి టైముంటోంది. ఎంతసేపటికీ రిలే మీదే ఉంటే రౌటర్‌లో యూపీఎన్‌పీ (పరికరాలు అడిగితే రౌటర్ తానే పోర్టు తెరిచే సదుపాయం) ఆన్ చేసి చూడండి, కొన్నిసార్లు అదే దారి తెరుస్తుంది.

గేమ్‌లోని ల్యాన్ (ఒకే ఇంటి నెట్‌వర్క్) లిస్టులో మాత్రం ఫ్రెండ్ సర్వరు దానంతటది కనిపించదు. ఆ వెతుకులాట మల్టీకాస్ట్ (ఒకేసారి చాలా పరికరాలకి పంపే సందేశాలు) మీద నడుస్తుంది, టెయిల్‌స్కేల్ దాన్ని మోయదు. డైరెక్ట్ కనెక్షన్‌లో సర్వరున్న పీసీ టెయిల్‌స్కేల్ అడ్రసు టైప్ చేయాలి. సర్వరు విడిగా నడపకుండా ఓపెన్ టు ల్యాన్ నొక్కితే చాట్‌లో ఒక పోర్టు నంబరు వస్తుంది, అడ్రసు తర్వాత కోలన్ పెట్టి అది కూడా కొట్టాలి. అడ్రసు టైప్ చేసే వీలే లేని పాత ల్యాన్ గేములకైతే జీరోటియర్ అనే ఇలాంటిదే ఇంకో యాప్ మేలు, అది అలా అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్‌ను కూడా మోస్తుంది.

ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లలో టెయిల్‌స్కేల్ యాప్ లేదు. కన్సోల్‌లో నాట్ టైప్ (NAT Type) స్ట్రిక్ట్ అని, అంటే బయటి కనెక్షన్లు లోపలికి రాలేకపోతున్నాయని, వస్తుంటే ముందు యూపీఎన్‌పీ చూడండి. దానికీ లొంగకపోతే స్టాటిక్ ఐపీకి డబ్బు పెట్టడం న్యాయమే.