కష్టపడే ఈ రోజులా, మెస్సీయ వచ్చాక రోజులా: సాధనకు ఏది మేలు?

"ఆయన రానీ, కానీ నేను మాత్రం చూడకూడదు."

యూదులు ఎదురుచూసే రక్షకుడు మెస్సీయ గురించి ఈ మాట అన్నది నమ్మకం లేనివాళ్లు కాదు, ఉల్లా, రబ్బా అనే తాల్ముద్ (యూదుల ధర్మచర్చల గ్రంథం) పండితులు. తాల్ముద్‌లోని సన్హెద్రిన్ భాగం 98వ పుటలో ఉంది. మెస్సీయ రాకముందు లోకానికి పురిటినొప్పుల్లాంటి కష్టాలు తప్పవని, వాటిని తలచుకుంటేనే వాళ్లకు టెన్షన్. అదే పుటలో రవ్ యోసెఫ్ మాత్రం "రావాలి, ఆయన గాడిద పేడ నీడలో కూర్చునే భాగ్యం దక్కినా చాలు" అంటాడు. మామూలు రోజుల్లో మూడు పూటలా దావీదు వంశాంకురం, అంటే ఆ మెస్సీయ కోసం, ప్రార్థించే జనంలోనే ఈ తేడా!

నొప్పుల సంగతి అలా ఉంచి, మెస్సీయ వచ్చేశాడు, కష్టాలన్నీ తీరాయి అనుకుందాం. ఇక మనిషి చేసే సాధనకు విలువేమిటి? యూదు పండితులు దీని మీద గట్టిగానే వాదించుకున్నారు. ఆ వాదన మొదలైంది ధ్యానం దగ్గరో, ప్రార్థన దగ్గరో కాదు, బిచ్చగాడి దగ్గర.

తాల్ముద్ షబ్బాత్ భాగం 151వ పుటలో రబ్బీ (యూదు మతగురువు) షిమొన్ బెన్ ఎలాజర్ దానం గురించి చెబుతూ, తీసుకునే మనిషి దొరికినప్పుడే, నీ చేతిలో ఉన్నప్పుడే చెయ్యి అంటాడు. బైబిల్లోని ప్రసంగి 12వ అధ్యాయం మొదటి వచనంలో "వీటిలో నాకు సంతోషం లేదు" అనిపించే సంవత్సరాలు వస్తాయని ఉంది కదా, చదివితే అవి ముసలితనపు రోజులే అనిపిస్తాయి. ఆయన మాత్రం అవి మెస్సీయ రోజులే అన్నాడు. ఆ రోజుల్లో పుణ్యమూ ఉండదు, పాపమూ ఉండదట. తాల్ముద్‌కు పేరున్న వ్యాఖ్యాత రాషీ దాన్ని విప్పి చెప్పాడు: అప్పుడు అందరూ ఉన్నవాళ్లే. చెయ్యి చాచేవాడు లేకపోతే ఇచ్చిన పుణ్యం ఎక్కడిది, ఇవ్వని పాపం ఎక్కడిది?

బంగారు రోజుల్ని "సంతోషం లేని ఏళ్లు" అనడానికి ఎంత ధైర్యం కావాలి!

షమూయేల్ అనే మరో తాల్ముద్ పండితుడు దీనికి ఒప్పుకోడు. "బీదలు దేశంలో ఎప్పటికీ ఉంటారు" అని ద్వితీయోపదేశకాండం 15లో ఉంది కాబట్టి, పరాయి రాజుల పెత్తనం పోవడం తప్ప ఆ రోజులకూ ఈ రోజులకూ తేడా లేదన్నాడు. 12వ శతాబ్దంలో యూదు తత్త్వవేత్త మైమొనిడీస్ ఈ మాటనే పట్టుకున్నాడు. ప్రకృతి తన దారిన తాను నడుస్తుంది. జ్ఞానులూ ప్రవక్తలూ ఆ రోజుల్ని కోరుకున్నది ఏలడానికో, తిని తాగడానికో కాదు. ఎవరి పీడా లేకుండా తోరా (యూదుల ధర్మశాస్త్రం) చదువుకునే తీరిక కోసం. అంటే బయటి అడ్డు పోతుంది గానీ సాధన ఉంటుంది. 13వ శతాబ్దపు పండితుడు నహ్మనిడీస్ రెండో వైపు వెళ్లాడు. దేవుడు హృదయానికి సున్నతి చేస్తాడన్న వచనానికి (ద్వితీయోపదేశకాండం 30:6) వ్యాఖ్య రాస్తూ, అప్పుడు మనసుకు చెడు మీద కోరికే పుట్టదు, మంచి చేయడం స్వభావమైపోతుంది అన్నాడు. కోరికే లేనప్పుడు దాన్ని గెలిచాననడానికీ ఏమీ ఉండదు.

చదవడానికి మైమొనిడీస్ లోకం హాయిగా ఉంటుంది, నాకూ ఆయన వైపే మొగ్గు. కానీ నహ్మనిడీస్ మాట నిజమైతే పోయేదేమిటో చూడాలంటే 1796లో మొదటిసారి అచ్చయిన తాన్యా అనే పుస్తకం తెరవాలి. రాసింది హబాద్ అనే యూదు భక్తి సంప్రదాయానికి మూలపురుషుడు ష్నెయూర్ జల్మన్. అందులో "బెనోనీ" అని ఒక మనిషి ఉంటాడు. తెలుగులో "మధ్యముడు" అంటే సరిపోదు, ఎందుకంటే అతను తప్పు చేయడు, తప్పు మాట రానివ్వడు. కానీ లోపల చెడు కోరిక చావదు, రోజూ తలెత్తుతుంది, రోజూ దాన్ని తోసేయాలి. ఎందుకీ అవస్థ అని కుంగిపోయేవాడికి 27వ అధ్యాయం చెప్పే ఊరట వంటింటి నుంచి వచ్చింది. బైబిల్లో ఇస్సాకు తన కొడుకుతో "నాకు రుచికరమైన వంటలు చేసి పెట్టు" అన్నాడు, ఒక వంట అనలేదు. తీపి వంటలు ఒక రకం. ఘాటుగా, పుల్లగా ఉన్నవాటిని మసాలాలు పట్టించి రుచిగా మార్చడం ఇంకో రకం. చెడును పూర్తిగా పోగొట్టుకున్న నీతిమంతుడు తీపి. పోరాడుతూనే ఉన్న బెనోనీ ఆ పులుపు. దేవుడికి రెండూ కావాలి. ఊరగాయ జాడీ ఉన్న ఇంట్లో దీన్ని వేరే వివరించక్కర్లేదు.

ఈ లెక్కన చూస్తే ఈ రోజులే మేలు. రుచి ఇక్కడే ఉంది.

కానీ నాకు ఇక్కడ ఒకటి గుచ్చుకుంటుంది. నా పుణ్యం కోసం ఒకడు బీదవాడిగా ఉండిపోవాలా? మెస్సీయ రోజుల్లో పుణ్యం ఉండదని దిగులుపడేది ఇచ్చేవాడు. పుచ్చుకునేవాడిని ఎవరూ అడగలేదు. మైమొనిడీసే దానాన్ని ఎనిమిది మెట్లుగా విడదీస్తూ, అప్పిచ్చో, భాగస్వామిగా చేర్చుకునో, పని చూపించో అవతలివాడు ఇక చెయ్యి చాచనక్కర్లేకుండా చేయడాన్ని అన్నిటికంటే పైమెట్టు మీద పెట్టాడు. సాధన బాగా చేస్తే తన అవసరాన్ని తానే తీసేస్తుందన్నమాట. తాన్యా 37వ అధ్యాయం కూడా దగ్గరదగ్గరగా ఇదే చెబుతుంది: మెస్సీయ కాలపు వెలుగు, సొంత దేశానికి దూరమైన ఈ ప్రవాసంలో మనం చేసే పనుల మీదే ఆధారపడింది. అప్పుడు ఇది రెండిట్లో ఒకటి ఎంచుకునే వ్యవహారమే కాదు, ఒకటి విత్తనం, ఒకటి పంట.

తేదీ ఎప్పుడన్న గొడవ నన్ను పెద్దగా పట్టదు. మనం యోగ్యులమైతే త్వరగా, కాకపోతే నిర్ణయించిన వేళకు అని రబ్బీ యెహోషువ బెన్ లేవీ రాజీ కుదిర్చేశాడు. తేదీ వెంట పడితే ఏమవుతుందో 1665-66లో తెలిసింది. షబ్బతాయ్ త్జ్వీ మెస్సీయ అని నమ్మి ఎన్నో ఊళ్ల యూదులు ఉపవాసాలు, పశ్చాత్తాపాలతో ఊగిపోయారు. చివరికి ఆయనే ఒట్టోమన్ సుల్తాన్ ముందు ఇస్లాం పుచ్చుకున్నాడు. అంత సాధన చేసినవాళ్లకు చివరికి మిగిలింది అవమానం. "నీ చేతిలో మొక్క ఉండగా మెస్సీయ వచ్చాడంటే ముందు మొక్క నాటు, తర్వాత వెళ్లి ఎదుర్కో" అన్న పాతకాలపు రబ్బీ యోహానాన్ బెన్ జక్కాయ్ మాట వాళ్లకు అప్పుడు ఎవరైనా గుర్తుచేశారో లేదో.

పూర్వ రబ్బీల నీతివాక్యాల సంపుటి పిర్కే అవోత్‌లో రబ్బీ యాకోవ్ రెండు వాక్యాలు పక్కపక్కనే చెప్పాడు. ఈ లోకంలో ఒక్క గంట పశ్చాత్తాపమూ మంచిపనులూ రాబోయే లోకపు జీవితమంతటి కంటే మేలు. రాబోయే లోకంలో ఒక్క గంట హాయి ఇక్కడి జీవితమంతటి కంటే మేలు. ఆయన అన్నది మెస్సీయ రోజుల గురించి కాదు, ఆ తర్వాతి లోకం గురించి. మైమొనిడీస్ ఈ రెంటినీ వేరుగానే ఉంచాడు. అయినా ఈ తూకానికి అంతకంటే మంచి త్రాసు నాకు దొరకలేదు. మొదటి వాక్యం ఇచ్చేవాడిది, రెండోది పుచ్చుకునేవాడిది అని నేను చదువుకుంటాను.