ఫారినరా? రూమ్ లేదు!

అనంతపురానికి విదేశీ వాలంటీర్‌ని ఎవరైనా పిలిపించుకుంటుంటే, మొదటి రాత్రికి లాడ్జి మాట్లాడేటప్పుడు ఏసీ ఉందా, వేణ్ణీళ్ళు వస్తాయా అని తర్వాత అడగండి. ముందు "విదేశీయుల వివరాలు ఆన్‌లైన్లో పంపే ఫారం చేస్తారా?" అనడగండి. నసిగారా, ఫోన్ పెట్టేసి ఇంకోటి చూసుకోండి.

మా చెల్లెలు పనిచేసే సంస్థలో ఏడాదిపాటు పనిచేయడానికి స్పెయిన్ నుంచి ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి వచ్చింది. బెంగళూరు ఎయిర్‌పోర్ట్ నుంచి ప్రయాణం హాయిగా జరిగిపోయింది. ఆమె ఉండాల్సిన గదికి ఇంకా సున్నాలు వేస్తున్నారని రెండు రాత్రులకు లాడ్జి మాట్లాడాం. ఏసీ రూమ్ రోజుకు 1,200. అడ్వాన్సు 500 ముందే ఫోన్‌పే చేశాం.

కౌంటర్‌లో మనిషి పాస్‌పోర్ట్ చూశాడు, తెరిచిన రిజిస్టర్ మూసేశాడు. "ఫారినర్స్‌కి ఇయ్యం సార్."

"స్పెయినామె అని ఫోన్లోనే చెప్పినాం కదన్నా, పేరు గూడా రాసుకున్యారు" అంది మా చెల్లెలు.

"మావోడెవడో రాసుకునింటాడు. పోలీసోళ్ళతో మాకెందుకమ్మా తలనొప్పి?"

ఆ తలనొప్పి ఏపాటిదో చెబుతా. విదేశీయులు దిగితే లాడ్జివాళ్ళు 24 గంటల్లోపు పాస్‌పోర్ట్, వీసా వివరాలు ఆన్‌లైన్లో పంపాలి. అంతే! విదేశీయులకు గది ఇవ్వొద్దని ఆ రూల్లో ఎక్కడా లేదు. గది లేదన్నదీ ఎక్కడ? 1969లో స్పెయినాయన విన్సెంట్ ఫెర్రర్ వచ్చి ఆర్డీటీ అనే సేవా సంస్థ పెట్టిన ఊర్లో! అప్పట్నుంచీ స్పెయిన్‌వాళ్ళు వస్తూనే ఉన్నారు, బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రికి పోతే ఆటోవాళ్ళు కూడా వాళ్ళను వింతగా చూడరు. ఈ పెద్దమనిషికి మాత్రం స్పెయిన్ పాస్‌పోర్ట్ బాంబులా కనబడింది.

ఆ అమ్మాయి సూట్‌కేస్ మీద కూర్చుని మా మొహాలు చూస్తోంది. "నా వీసాలో ఏమైనా లోపముందా?" అనడిగింది. మా చెల్లెలు ఏం చెబుతుంది పాపం? కోపమంతా నామీద చూపించింది.

చివరికి రైల్వేస్టేషన్ వైపు ఒక పాత లాడ్జిలో 850కి నాన్ ఏసీ దొరికింది. గోడకు చెమ్మ, బాత్‌రూమ్ గడియ సరిగ్గా పడదు. కానీ కౌంటర్‌లో ఉన్న కుర్రాడు పాస్‌పోర్ట్, వీసా పేజీలు ఫోన్లో ఫోటో తీసుకుని, మేం టీ తాగేలోపే వివరాలు ఎక్కించేశాడు. అడక్కుండానే ఉతికిన దుప్పటి ఇంకోటి ఇచ్చాడు. నన్నడిగితే ఆ చెమ్మ గోడే మేలు.

మిగతా పనులు అంత కష్టం కాలేదు. 180 రోజులు దాటిన వీసా కాబట్టి వచ్చిన 14 రోజుల్లోపు రిజిస్ట్రేషన్ చేయించాలి, ఆన్‌లైన్లోనే అయిపోయింది. టూరిస్ట్ వీసా మీద వచ్చి ఏడాది వాలంటీర్ పని చేద్దామనుకునేవాళ్ళు మాత్రం ఆ ఆలోచన మానుకోండి.

పొద్దున్నే ఆకలి మీదున్న పిల్లకు బండి దగ్గర ఉగ్గాణి బజ్జి తినిపించాం, ప్లేటు 40. నానేసి పిండిన బొరుగులు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తిరగమోత, పైన పప్పులపొడి. మిరపకాయ బజ్జి కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బండాయన ఇంకో బజ్జి తీసి నిలువునా చీల్చి, గోటితో గింజలన్నీ గీకి చేతికిచ్చాడు. అది తిని, తర్వాత గింజలున్నదే కావాలని ఇంకో ప్లేటు చెప్పింది. మా చెల్లెలు నవ్వింది ఆ రోజుకు అప్పుడే.

తర్వాత సున్నాలు ఆరిన గదికి మారింది. పక్కింటి అవ్వ చూడ్డానికొచ్చి, ఉప్పుకారాలు తింటుందా, పెండ్లయిందా అన్నీ అడిగి, చివర్లో మెల్లగా "వాళ్ళ దేశంలో వీళ్ళేం కులోళ్ళు?" అంది. దాన్ని ఇంగ్లీషులో చెప్పే పని నాకప్పగించి మా చెల్లెలు బయటికి జారుకుంది.

ఆ 500 ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే మేనేజర్ ఊర్లో లేడంటారు. మా చెల్లెలు ఆ రోడ్డున పోయినప్పుడల్లా స్కూటీ ఆపి, లోపలికి పోయి, కౌంటర్ ముందు నిలబడి అడిగి వస్తోంది.