ప్యోంగ్యాంగ్ దాటి వెళ్తే: హామ్‌హుంగ్, ఛోంగ్జిన్ ప్రయాణం

ఉత్తర కొరియా వెళ్లినవాళ్లలో చాలామంది ప్యోంగ్యాంగ్ మెట్రో, విగ్రహాలు చూసి తిరిగొచ్చేస్తారు. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది తూర్పు తీరంలోని ఫ్యాక్టరీ ఊళ్ల మీద. ఖర్చు ఎక్కువ, సుఖం తక్కువ. అయినా సరే. నేను వెళ్లింది 2019లో.

ప్యోంగ్యాంగ్ నుంచి వోన్సాన్ మీదుగా హామ్‌హుంగ్‌కి బస్సులో దాదాపు రోజంతా పట్టింది. వోన్సాన్ దాటాక రోడ్డు నడుం విరగ్గొడుతుంది. డీజిల్ దొరక్క కట్టెల గ్యాస్‌తో నడిచే లారీలు పొగ కక్కుకుంటూ పోతుంటాయి. వాటిని ఫొటో తీయబోతే గైడ్ నవ్వుతూనే చెయ్యి అడ్డం పెడతాడు. ఇద్దరు గైడ్లు వెంట లేకుండా హోటల్ గేటు దాటనివ్వరు.

హామ్‌హుంగ్‌లో తప్పక చూడాల్సింది హుంగ్నామ్ ఎరువుల కర్మాగారం. జపాన్ పాలనలో, 1920ల చివర్లో మొదలైంది. కొరియా యుద్ధంలో బాంబులకి ఊరు నేలమట్టమైతే, 1955 నుంచి 1962 దాకా తూర్పు జర్మనీ వాళ్లు వచ్చి మళ్లీ కట్టారు. ఈ ఊరి ఇంకో గొప్ప వినలాన్: బొగ్గు, సున్నపురాయితో తయారుచేసే బట్ట నూలు. ఆ ఫ్యాక్టరీ 1961లో మొదలై, 90లలో ఆగిపోయి, 2010లో మళ్లీ తెరుచుకుంది. సోవియట్ యూనియన్ కూలాక చమురు, విడిభాగాలు రావడం ఆగిపోయాయి, కరెంటు కరువైంది. ఈ తీరంలో పొలాలు తక్కువ, అప్పట్లో తిండి మొత్తం ప్రభుత్వ రేషన్ మీదే. అందుకే 90ల కరువు ఇలాంటి ఊళ్లని ఎక్కువ దెబ్బకొట్టింది. గైడ్ ఇవేవీ చెప్పడు, ఉత్పత్తి లెక్కలు చెబుతాడు. మేం చూసిన షెడ్డులో మాత్రం మనుషుల కన్నా నినాదాల బోర్డులే ఎక్కువ. 1999లో మూతపడ్డాక మన రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ ఖాళీగా ఉన్న రోజుల్లో చూసినవాళ్లకి ఆ నిశ్శబ్దం కొత్తగా అనిపించదు.

బస విషయానికొస్తే, ఊళ్లో హోటల్ కన్నా మాజోన్ బీచ్ పక్కనున్న హోటల్ చాలా నయం. గది శుభ్రం, సముద్రం ఎదురుగానే. ఊళ్లో మేం దిగిన చోట వేడినీళ్లు సాయంత్రం గంటసేపే. కరెంటు పోతే లిఫ్ట్ కూడా లేదు. టార్చ్ తప్పనిసరి.

తిండికి మాత్రం వంక పెట్టలేను. ఆలుగడ్డ పిండితో చేసే హామ్‌హుంగ్ చల్లని నూడుల్స్ రబ్బరులా సాగుతాయి, పైన కారం కలిపిన పచ్చి చేప వేస్తారు. మన నోటికి ఆ కారం ఓ లెక్క కాదు. శాకాహారులకే ఇబ్బంది, చాలాచోట్ల కిమ్చీలోనూ (పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి) రొయ్యలో చేప రసమో ఉంటుంది. పప్పు పొడి పట్టుకెళ్లండి.

ఛోంగ్జిన్‌కి ఇంకో విడత, చైనా వైపు తూమెన్ సరిహద్దు నుంచి వెళ్లాను. కిమ్ ఛేక్ ఉక్కు కర్మాగారాన్ని దూరం నుంచే చూపించారు. ఖనిజం ముసాన్ గనుల నుంచి వస్తుంది. 2017 ఐరాస ఆంక్షలతో బొగ్గు, ఇనుము, చేపలు బయటికి అమ్మే దారులు మూసుకుపోయాయి, ఆ దెబ్బ ఇలాంటి ఊరి మీదే పడుతుంది. కార్యక్రమం మాత్రం విగ్రహాలు, కిండర్‌గార్టెన్ పిల్లల డాన్సు. పిల్లలు ముద్దుగానే ఉన్నారు, కానీ అంత నేర్పుగా నవ్వే పిల్లల్ని చూస్తే నాకు ఇబ్బందిగా అనిపించింది. పెట్టిన డబ్బుకి ఛోంగ్జిన్ గిట్టుబాటు కాదు. పక్కన చిల్బో కొండలు కలిపి ఇస్తేనే ఆలోచించండి.

డబ్బు యూరోల్లోనో యువాన్లలోనో, అదీ చిన్న నోట్లలో తీసుకెళ్లాలి. చిల్లర లేదని చూయింగ్ గమ్ చేతిలో పెడతారు. 2020 జనవరిలో సరిహద్దులు మూసేశారు. 2025 ఫిబ్రవరిలో ఈశాన్య మూలనున్న రాసన్‌ని పాశ్చాత్య పర్యాటకులకి తెరిచి, కొద్ది వారాలకే ఆపేశారు. మళ్లీ అవకాశం వస్తే ఏజెంటుతో ముందే మాట్లాడి, హామ్‌హుంగ్‌కి రెండు రాత్రులు, బస మాజోన్‌లో అని కాగితం మీద రాయించుకోండి.